తరువాత ఏ పుస్తకం చదవాలి?

“మామూ! ఇది అయిపోయింది. ఇంకో మంచి పుస్తకం ఏదైనా చెప్పండి” అంది మా అక్కయ్య కూతురు. ఇంటర్మీడియట్ చదువుతున్న అమ్మాయి. సెలవుల్లో మా ఇంటికి వచ్చి, నా బీరువాలోని దైవప్రవక్త (స) జీవిత చరిత్రను వారం రోజుల్లో పూర్తి చేసింది.

నేను సంతోషించాను. వెంటనే నాలుగు పుస్తకాల పేర్లు చెప్పాను. “ఇవన్నీ మీరు చదివారా?” అని అడిగింది. రెండు చదివాననీ, మిగతా రెండు చాలా మంచివని విన్నాననీ ఒప్పుకోక తప్పలేదు. ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి మళ్ళీ అడిగింది: “ఆడపిల్లలకు కూడా ఆస్తిలో వాటా నిర్ణయించబడిందని ఇందులో ఒకచోట ఉంది. ఎంత వాటా, లెక్క ఎలా వేస్తారు అన్నది మాత్రం లేదు. దాని మీద పుస్తకం ఉందా, మామూ?”

ఉంది. నా బీరువా పై అరలోనే, వారసత్వ విధుల మీద ఒక చిన్న పుస్తకం. కొన్నేళ్ళుగా అక్కడే ఉంది. కానీ నేను, “అది పెద్దవాళ్ళ విషయం, తరువాత చూద్దాంలే” అన్నాను. ఎందుకలా అన్నానో ఈ వ్యాసం చివర చెబుతాను. ఆ రాత్రి మాత్రం ఒక ప్రశ్న నన్ను నిద్రపోనివ్వలేదు. ఒక పుస్తకం మూసిన తరువాత మరో పుస్తకాన్ని మనం దేన్నిబట్టి ఎంచుకుంటున్నాం? ఇది కేవలం అభిరుచికి సంబంధించిన విషయమా, లేక ఇందులో మన బాధ్యత కూడా ఏమైనా ఉందా?

ఒక్క బీరువాకు సరిపడా ఆయుష్షు

ముందుగా ఒక చిన్న లెక్క వేసుకుందాం. నెలకొక పుస్తకం చొప్పున నలభై ఏళ్ళపాటు విడవకుండా చదివే వ్యక్తి మొత్తం మీద 480 పుస్తకాలు చదువుతాడు. అంతే! ఒక పెద్ద బీరువాలో పట్టేటన్ని. ఉద్యోగం, వ్యాపారం, వంటిల్లు, పిల్లల చదువులు, రోగాలు రొష్టులు చూసుకుంటూ నెలకొకటి చదవగలిగేవారు మనలో ఎంతమంది? చాలామంది జీవితం మొత్తంలో చదివేవి ఒక అర కూడా నిండవు.

అలాంటప్పుడు ప్రతి పుస్తకం ఒక ఎంపికే. ఒకటి తెరిచామంటే మరొకదాన్ని వదిలివేశామన్న మాట. తీర్పుదినాన మానవుణ్ణి అతని ఆయుష్షు గురించి, సంపద గురించే కాక, అతను పొందిన జ్ఞానం గురించి కూడా ప్రశ్నించడం జరుగుతుందని హదీసు మనకు తెలుపుతోంది. దైవప్రవక్త (స) ప్రయోజనం చేకూర్చని విద్య నుండి అల్లాహ్ శరణు కోరేవారు. ఈ రెండు విషయాలూ కలిపి ఆలోచిస్తే, “తరువాత ఏం చదవాలి?” అన్న ప్రశ్న కాలక్షేపానికి సంబంధించింది కాదని బోధపడుతుంది.

మూడు దిర్హముల పుస్తకం

ఈ ప్రశ్న మనకు మాత్రమే ఎదురైంది కాదు. వెయ్యేళ్ళ క్రితం బుఖారా నగరంలో ఒక యువకుడుండేవాడు. అతనే తరువాత ప్రపంచ ప్రసిద్ధ వైద్యుడిగా, తత్త్వవేత్తగా పేరుగాంచిన ఇబ్నె సీనా (980-1037). తన యవ్వనం గురించి ఆయన స్వయంగా శిష్యునికి చెప్పిన వృత్తాంతం నేటికీ ఉంది.

ఇరవై ఏళ్ళయినా నిండని ఆ వయస్సులో ఆయన అరిస్టాటిల్ రాసిన ఒక తత్త్వశాస్త్ర గ్రంథాన్ని నలభై సార్లు చదివాడు. అది కంఠస్థమైపోయింది. కానీ దాని ఉద్దేశ్యం మాత్రం అర్థం కాలేదు. ఇక ఇది అర్థమయ్యే పుస్తకం కాదని నిరాశ చెందాడు. ఒకరోజు సాయంకాలం పుస్తకాల బజారుకు వెళితే, ఒక దళారి ఏదో పుస్తకం చేతపట్టుకుని అమ్మజూపాడు. అది కూడా ఆ శాస్త్రానికి చెందిందే. ఆ శాస్త్రంతో విసిగిపోయి ఉన్న ఇబ్నె సీనా వద్దని తోసిపుచ్చాడు. “తీసుకోండి, చవక, మూడు దిర్హములే. దీని యజమాని డబ్బు అవసరంలో ఉన్నాడు” అన్నాడు దళారి. సరేనని కొన్నాడు. తీరా చూస్తే అది అరిస్టాటిల్ గ్రంథ ఉద్దేశ్యాలను వివరిస్తూ ఫారాబీ రాసిన చిన్న పుస్తకం! ఇంటికి వెళ్ళి చదివేసరికి అంతవరకూ మూసుకుపోయిన తలుపులన్నీ తెరుచుకున్నాయి. మరునాడు ఆయన అల్లాహ్‌కు కృతజ్ఞతగా పేదలకు దానధర్మాలు చేశాడు.

ఇందులో మనం గమనించవలసిన విషయాలు రెండున్నాయి. మొదటిది, ఆయనకు కావలసిన పుస్తకం ఆయనకు వద్దనిపించిన పుస్తకమే. రెండవది, ఆ మూడు దిర్హముల పుస్తకం అందరికీ అంతగా ఉపయోగపడదు. నలభై సార్లు చదివి, ఒక ప్రశ్నను గుండెల్లో మోస్తున్నవాడికే అది తలుపు తెరిచింది. అంటే పుస్తకంలోని మంచితనం సగమే. మిగతా సగం చదివేవాడు తీసుకువచ్చే ప్రశ్నలో ఉంటుంది.

నలభై ఏళ్ళ దాహం

ఇబ్నె సీనాకు సమకాలికుడు మరో మహా పండితుడు అల్‌బెరూనీ. ఇద్దరి మధ్య శాస్త్ర విషయాలపై ప్రశ్నోత్తరాల లేఖలు కూడా నడిచాయి. పుస్తకం విషయంలో అల్‌బెరూనీకి ఎదురైన అనుభవం ఇబ్నె సీనా అనుభవానికి పూర్తిగా విరుద్ధమైంది.

వైద్యుడు రాజీ రచనలు చదువుతుండగా, పూర్వం ఇరాన్‌లో ఒక మతాన్ని స్థాపించిన మానీ అనే వ్యక్తి రాసిన రహస్యాల గ్రంథం ప్రస్తావన అల్‌బెరూనీకి కనిపించింది. పేరే ఊరించే విధంగా ఉంది. దానికోసం నలభై ఏళ్ళకు పైగా వెతికాడు. ఎట్టకేలకు అది చేతికందినప్పుడు, దప్పికగొన్నవాడు నీటిని చూసినంత ఆనందపడ్డానని ఆయనే చెప్పుకున్నాడు. కానీ చదివాక మిగిలింది ఆశాభంగమే. ఎండమావి వెంట పరుగెత్తినట్లయింది. అయితే ఆ మహనీయుడు కోపంతో దాన్ని విసిరివేయలేదు. తనలాగే ఆశపడేవారు త్వరగా ఆ జబ్బు నుండి కోలుకోవడానికి, అందులోని విషయాలను క్లుప్తంగా రాసిపెట్టాడు.

ఒకరు వద్దనుకున్న పుస్తకంలో వెలుగు దొరికింది. మరొకరు నలభై ఏళ్ళు కోరుకున్న పుస్తకం ఎండమావి అయింది. దీన్నిబట్టి మనకు తెలిసేదేమిటి? ఒక పుస్తకం మీద మనకు కలిగే కోరిక అది మనకు మేలు చేస్తుందనడానికి రుజువు కాదు. దాని పట్ల కలిగే విముఖత అది మనకు పనికిరాదనడానికీ రుజువు కాదు.

నచ్చేదా, కావలసిందా?

ఈ రోజుల్లో ఈ విషయాన్ని మరీ జాగ్రత్తగా గుర్తుంచుకోవాలి. మన చేతిలోని ఫోను మనం నిన్న చూసినదాన్ని బట్టి ఇవాళ అలాంటిదే మరొకటి ముందుంచుతుంది. “ఇది మీకు నచ్చవచ్చు” అంటుంది. నిజంగానే నచ్చుతుంది కూడా. కానీ మనకేది నచ్చుతుందో ఎరిగినంత మాత్రాన మనలో ఏది కొరవడిందో అది ఎరుగదు. నచ్చినవే చదువుకుంటూ పోయేవాడు ఒకే గదిలో తిరుగుతూ లోకమంతా చూశాననుకునేవాడి లాంటివాడు.

మరి కావలసిన పుస్తకాన్ని గుర్తుపట్టడం ఎలా? నాకు తోచిన కొలమానం ఒక్కటే. చదివి ముగించిన పుస్తకం మనలో ఏ ప్రశ్నను మిగిల్చింది? ఏ బాధ్యతను గుర్తుచేసింది? తరువాతి పుస్తకం దానికి సమాధానం చెప్పేదై ఉండాలి. ప్రశ్నేదీ మిగల్చలేదంటే రెండే కారణాలు. ఆ పుస్తకంలో సారం లేకపోవచ్చు, లేదా మనం కళ్ళతోనే చదివి ఉండవచ్చు. రెండవదైతే తరువాత చదవవలసింది మళ్ళీ అదే పుస్తకం.

ఇమామ్ గజాలీ (రహ్మలై) యవ్వనంలో జరిగిన ఒక సంఘటనను చరిత్రకారులు ఉల్లేఖించారు. ఆయన విద్య ముగించుకుని జుర్జాన్ నుండి తూస్‌కు తిరిగి వస్తుండగా దారిదోపిడీ దొంగలు సర్వం దోచుకున్నారు. మిగతావి తీసుకున్నా ఫరవాలేదు, పాఠాలు రాసుకున్న కాగితాలు మాత్రం ఇమ్మని, తన విద్యంతా వాటిలోనే ఉందని ఆయన ప్రాధేయపడ్డారు. మూట పోగానే పోయేది విద్య ఎలా అవుతుందని దొంగల నాయకుడు నవ్వి, కాగితాలు తిరిగి ఇప్పించాడట. ఆ మాట దైవమే తనకు వినిపించినట్లు భావించి, గజాలీ మూడేళ్ళు కృషిచేసి ఆ పాఠాలన్నీ మనసుకు ఎక్కించుకున్నారు. మన బీరువాలోని పుస్తకాలలో ఎన్ని మనలోకి చేరాయి, ఎన్ని అరల్లోనే ఉన్నాయి? గ్రంథాలు మోసే గాడిద ఉపమానం ద్వారా దివ్య ఖుర్‌ఆన్ హెచ్చరించింది కూడా ఇలాంటి స్థితి గురించే.

కొన్ని సందేహాలు

“ఖుర్‌ఆన్ మన దగ్గరుండగా ఇతర పుస్తకాలెందుకు?” అని కొందరు సోదరులు అడుగుతుంటారు. దీనికి సమర్థనగా, హజ్రత్ ఉమర్ (రజి) అలెగ్జాండ్రియా గ్రంథాలయాన్ని తగులబెట్టమని ఆదేశించారన్న కథను కూడా ఒక్కోసారి చెబుతారు. కానీ ఆ కథ సంఘటన జరిగిందన్న కాలానికి ఐదున్నర శతాబ్దాలకు పైగా గడిచిన తరువాతి రచనలలోనే కనిపిస్తుంది. చరిత్రకారులలో అత్యధికులు దాన్ని నమ్మరు. అంతిమ దైవగ్రంథపు తొలి ఆదేశమే “చదువు” అని కదా! దైవప్రవక్త (స) తన అనుచరుడు జైద్ బిన్ సాబిత్ (రజి)ను యూదుల లిపి నేర్చుకోమని ఆదేశించారు. అల్‌బెరూనీ సంస్కృతం నేర్చుకుని, ఇక్కడి పండితులను అడిగి తెలుసుకుని, 1030 ప్రాంతంలో భారతదేశం గురించి గ్రంథం రాశాడు. ఖుర్‌ఆన్ ఒక దీపం లాంటిది. దీపం ఉన్నది దాన్నే చూస్తూ కూర్చోవడానికి కాదు, దాని వెలుగులో దారినీ, లోకాన్నీ చూడడానికి.

“అయితే కథలు, ప్రయాణాలు, హాస్యం చదవకూడదా?” అన్నది మరో సందేహం. ఎందుకు చదవకూడదు? అలసిన మనసుకు విశ్రాంతి కూడా ఒక అవసరమే. ఒక మంచి కథ మనకు తెలియని మనిషి బాధను మనకు తెలియజేస్తుంది. విశ్రాంతి కోసం చదివేదాన్ని విశ్రాంతి అనుకుంటే చాలు, విద్య అని భ్రమపడకూడదు. అంతే.

ఎక్కడ వెతకాలి?

“ఇది మంచి పుస్తకమేనా?” అని ఎవరినైనా అడిగే ముందు, “మీరు చదివారా?” అని అడగండి. నా మేనకోడలు నాకు నేర్పిన పాఠమిది. చదివానంటే, “దీనివల్ల మీలో ఏ మార్పు వచ్చింది?” అని అడగండి. మనల్ని ఎరిగినవారు, ఆ పుస్తకాన్నీ ఎరిగినవారు చెప్పే ఒక్క మాట వందమంది పొగడ్తల కంటే విలువైంది.

కొనే ముందు విషయసూచిక చూడండి. మధ్యలో ఏదో ఒకచోట రెండు పేజీలు చదవండి. ఏ గ్రంథాన్ని ఆధారంగా చేసుకుని రాశారో, ఎవరి మాటలను ఉదహరించారో గమనించండి. మంచి పుస్తకం తన తరువాతి పుస్తకం పేరును తనలోనే దాచుకుని ఉంటుంది. అల్‌బెరూనీకి ఎండమావిని చూపించింది కూడా ఒక పుస్తకమే కనుక, అక్కడ కూడా వివేచన అవసరమే.

డబ్బు లేదన్నది పెద్ద అడ్డంకి కాదు. గ్రంథాలయ చట్టం 1960లో వచ్చింది. దాని ప్రకారం మనం ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను కూడా కడుతున్నాం. కానీ మన ఊరి శాఖా గ్రంథాలయం మెట్లు ఎక్కి ఎన్నేళ్ళయింది? హైదరాబాద్‌లో ఉన్నవారికి 1891లో ఆసఫియా పేరుతో స్థాపించబడిన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఉంది. ఆదివారం ఆబిడ్స్ కాలిబాటల మీద పాత పుస్తకాలు రాశులుగా పోసి అమ్ముతారు. మూడు దిర్హముల పుస్తకం అలాంటి చోటే దొరికింది మరి!

ఇంకొక మాట. మనలో చాలా ఇళ్ళల్లో తాతగారి కాలంనాటి ఉర్దూ పుస్తకాలు ట్రంకు పెట్టెల్లో ఉన్నాయి. తెలుగు మీడియంలోనో, ఇంగ్లీషు మీడియంలోనో చదువుకున్న పిల్లలకు ఆ లిపి రాదు. చెదలు తినకముందే, ఉర్దూ వచ్చిన పెద్దలు రోజుకు ఒక పేజీ చదివి తెలుగులో పిల్లలకు చెప్పవచ్చు కదా! మన తరువాతి పుస్తకం ఒక్కోసారి మన ఇంట్లోనే, మనకు రాని లిపిలో ఉంటుంది.

పై అరలోని పుస్తకం

ఇక నా విషయానికి వస్తాను. “పిల్లలకు ఏ పుస్తకం ఇవ్వాలి?” అని మనం ఎంతో ఆలోచిస్తాం. కానీ మనమిచ్చే పుస్తకాలన్నీ పిల్లల్ని ప్రశ్నించేవే. తల్లిదండ్రుల మాట వినాలి, పెద్దల్ని గౌరవించాలి, సమయం వృథా చేయకూడదు... ఇవన్నీ సత్యాలే. అయితే పెద్దల్ని ప్రశ్నించే పుస్తకాలను మాత్రం పై అరలో పెడతాం. “కావలసిన పుస్తకం” అనే మాటను కూడా మనకు అనుకూలంగా వాడుకోగలం సుమా!

మా నాన్నగారు పోయి పదకొండేళ్ళయింది. ఊళ్ళో రెండెకరాల నలభై సెంట్ల పొలం ఉంది. పట్టాదారు పాసుపుస్తకం నా పేరు మీదే ఉంది. ఆనాడు అక్కయ్య, “నాకేం వద్దులే తమ్ముడూ, నువ్వే చూసుకో” అంది. ఆ ఒక్క మాట పట్టుకుని నేను పదకొండేళ్ళు నిశ్చింతగా ఉన్నాను. ఆమె కూతురు పుస్తకం అడిగిన రోజున నా నోట మాట రాకపోవడానికి కారణం ఇదే.

మరుసటి రోజు ఫజ్ర్ నమాజు తరువాత ఆ పుస్తకం దించి, దుమ్ము దులిపి చదివాను. నిండా తొంభై పేజీలు లేవు. అప్పులు, వీలునామా ఏమైనా ఉంటే వాటిని తీర్చిన తరువాత మిగిలిన ఆస్తిని 24 భాగాలు చేస్తే, మా అమ్మకు 3, నాకు 14, అక్కయ్యకు 7. అంటే ఆ పొలంలో అక్కయ్య వాటా డెబ్బై సెంట్లు. అమ్మ వాటా ముప్ఫై సెంట్లు. తనకెంత వస్తుందో తెలియని మనిషి, తమ్ముడితో పేచీ ఎందుకన్న మొహమాటంతో అన్న మాటను హక్కు వదులుకోవడంగా లెక్కగట్టుకున్నాను. అది నా సౌకర్యం కోసం నేను చెప్పుకున్న భాష్యం. పుస్తకం తెరిస్తే ఆ భాష్యం నిలవదని నాకు లోలోపల తెలుసు. అందుకే తెరవలేదు.

పుస్తకాన్ని మేనకోడలి చేతికిచ్చాను. ఆ ఆదివారం అక్కయ్య ఇంటికి వెళ్ళి కాగితం మీద లెక్క వేసి చూపించాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. “ఇన్నేళ్ళ తరువాత ఇప్పుడెందుకు గుర్తొచ్చింది తమ్ముడూ?” అని అడిగింది. “నీ కూతురు తరువాతి పుస్తకం అడిగింది” అన్నాను. పొలం కొలిపించాలి, రిజిస్ట్రేషన్ జరగాలి. ఇంకా పని మిగిలే ఉంది. కానీ మొదలయింది.

కనుక ప్రియ సోదర సోదరీమణులారా! తరువాత ఏ పుస్తకం చదవాలో తోచనప్పుడు, మీ బీరువా ముందు ఒక్క క్షణం నిలబడండి. ఏ పుస్తకం వైపు చెయ్యి వెళుతోందో చూడండి. ఆ తరువాత, ఏ పుస్తకం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి వెనక్కి వస్తోందో కూడా చూడండి. చెయ్యి వెనక్కి వచ్చిన ప్రతి పుస్తకమూ మంచిదని కాదు. కానీ ఎందుకు వెనక్కి వచ్చిందని మనల్ని మనం నిజాయితీగా అడిగితే, చాలాసార్లు సమాధానం అక్కడే దొరుకుతుంది.

మా మేనకోడలు ఆ పుస్తకాన్నీ పూర్తి చేసింది. గణితం చదివే పిల్ల కదా, ఈ భిన్నాల లెక్కలు చూసి, “వీటిని మొదట ఎవరు ఒక పద్ధతిలో పెట్టారు, మామూ?” అని అడిగింది. తొమ్మిదవ శతాబ్దంలో బాగ్దాదులో అల్‌ఖ్వారిజ్మీ రాసిన ‘అల్‌జబ్ర్’ గ్రంథంలో పెద్ద భాగం వారసత్వపు లెక్కలకే కేటాయించబడిందనీ, వాళ్ళ కాలేజీలో చెప్పే ఆల్‌జీబ్రాకు ఆ పేరు ఆ గ్రంథం నుండే వచ్చిందనీ చెప్పాను. ఆ అమ్మాయి కళ్ళు మెరిశాయి. తరువాతి పుస్తకం ఏమిటో ఇక నేను చెప్పవలసిన పని లేకపోయింది. గణితశాస్త్ర చరిత్ర కోసం ఇద్దరం కలిసి గ్రంథాలయానికి వెళ్ళాం.

అల్లాహ్ మనందరికీ ప్రయోజనకరమైన జ్ఞానాన్నీ, చదివినదాన్ని ఆచరించే ధైర్యాన్నీ, ఇతరుల హక్కులు వారికి అప్పగించే సద్బుద్ధినీ ప్రసాదించుగాక! ఆమీన్.